అయిదు వోల్టులు తెలిసిన మెకానిక్

కోరుట్ల నుంచి మెట్‌పల్లి పోయే తోవలో రోడ్డు పక్కన ఒక షెడ్డు ఉంది. మొన్న ఎండాకాలం ఒక పొద్దున నేనక్కడ కూర్చున్నప్పుడు పదేళ్లు దాటిన చిన్న పెట్రోల్ కారొకటి వచ్చి ఆగింది. డ్రైవర్ దిగుతూనే గోడు వెళ్లబోసుకున్నాడు. "తమ్మీ, రేస్ ఇస్తే గుంజుతలేదు. గుంతల పడ్డప్పుడు ఒక్కపారి పానం పోయినట్టయితది, మల్ల అందుకుంటది. ప్లగ్గులు మార్పిచ్చిన, పెట్రోల్ పంపు మార్పిచ్చిన, మొన్న సెన్సర్ గూడ కొత్తది ఏపిచ్చిన. పైసలు పోయినయి గని బండి బాగు కాలే."

షెడ్డు కుర్రాడికి ఇరవై ఆరేళ్లుంటాయి. ఐటీఐ చదివాడు. పానా పట్టుకోలేదు. ముందు స్కానర్ పెట్టాడు. పీ0122 అని వచ్చింది. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ నుంచి రావాల్సిన వోల్టేజీ తక్కువగా వస్తోందని దానర్థం. ఇంతకుముందు చూసినవాళ్లకూ ఇదే కోడ్ కనిపించి ఉంటుంది, అందుకే సెన్సర్ మార్చేశారు. కోడ్‌లో పార్టు పేరు ఉంటే ఆ పార్టే చెడిపోయిందని అనుకోవడం మన దగ్గర చాలా షెడ్లలో జరుగుతున్న తప్పు. మెకానిక్ పని నేర్చుకోవాలనుకునే పిల్లలందరికీ నేను మొదట చెప్పేది ఈ తప్పు గురించే.

ఆ సెన్సర్ చేసే పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. మనం ఎక్సలేటర్ తొక్కితే గాలి లోపలికి పోయే దారిలో ఉన్న రేకు తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేదే ఈ సెన్సర్. పాత రకంలో మూడు వైర్లుంటాయి. ఒకదాంట్లో కంప్యూటర్ పంపే 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. రేకు మూసి ఉన్నప్పుడు సిగ్నల్ దాదాపు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగు, నాలుగున్నర. బండిని బట్టి అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. పదో తరగతిలో చదివిన విద్యుత్ ప్రవాహం పాఠమే ఇక్కడ పనికొచ్చేది. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఓమ్ సూత్రం షెడ్డులో అన్నం పెడుతుంది.

కుర్రాడు తాళం ఆన్ చేశాడు, ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, వైరు తొడుగు పొడవకుండా సాకెట్ వెనకవైపు నుంచి సన్నని పిన్ను లోపలికి దించాడు. తొడుగుకు చిల్లి పడితే వానాకాలం తడి చేరి కొన్నాళ్లకు అదే కొత్త రోగమవుతుంది. 5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. ఎర్త్ కూడా బాగానే ఉంది. సిగ్నల్ 0.6. "అన్నా, పెడల్ మెల్లగ తొక్కు, గడియారం ముల్లు లెక్క" అన్నాడు. 0.6, 0.9, 1.4, 2.1, 3.0, 4.2. ఎక్కడా తడబాటు లేదు. సెన్సర్ లోపలి పట్టీ అరిగి ఉంటే ఈ నడకలో ఒకచోట అంకె ఠక్కున కిందపడి మళ్లీ లేచేది. అలాంటిదేమీ లేదు. కొత్త సెన్సర్ బాగుంది. బహుశా పాత సెన్సర్ కూడా బాగుండే ఉంటుంది.

అప్పుడు అతను వైరింగ్ కట్టను పట్టుకుని జానెడు జానెడు ఊపుకుంటూ పోయాడు. బ్యాటరీ పక్కనున్న క్లిప్పు దగ్గరికి వచ్చేసరికి మీటర్‌లో 0.6 కాస్తా 0.0 అయింది. చెయ్యి తీస్తే మళ్లీ 0.6. టేపు విప్పితే సిగ్నల్ వైరు తొడుగు బాడీ రేకు అంచుకు రాసుకుని రాసుకుని ఒలిచిపోయి ఉంది. గుంతలో పడ్డప్పుడల్లా రాగి తీగ బాడీకి తాకుతోంది. సిగ్నల్ సున్నా కాగానే డ్రైవర్ కాలు తీసేశాడనుకుంటుంది కంప్యూటర్. కాలేమో పెడల్ మీదే ఉంది, ఆ లెక్క కుదరక బండి తడబడుతుంది. వైరుకు టంకం పెట్టి, స్లీవ్ తొడిగి, క్లిప్పు జరిపేసరికి గంట కూడా పట్టలేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. బోల్టులు విప్పే చేతులు మన దగ్గర బాగానే ఉన్నాయి. కొలిచి, ఆలోచించి, 'తప్పు ఇక్కడుంది' అని వేలు పెట్టి చూపేవాళ్లే తక్కువ. ఇది కార్లకే పరిమితమైన పని కూడా కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లు, స్కూటీలు దాదాపు అన్నీ కార్బురేటర్ వదిలి ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారాయి. అంటే ఊళ్లో పాలు పోసే బండిలోనూ ఇలాంటి సెన్సర్లు, ఒక చిన్న కంప్యూటర్ ఉన్నాయి. కార్బురేటర్ విప్పి ఊది బిగించే పాత విద్య ఒక్కటే నేర్చుకుంటే ఏటేటా పని తగ్గుతూ పోతుంది.

చదువు దారి సంగతికొస్తే, పది పాసైనవాళ్లకు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఏడాది. సెన్సర్లు, వైరింగ్ మీద పట్టు కావాలంటే రెండేళ్ల కోర్సే మేలని నా అభిప్రాయం. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ మాత్రం వదులుకోవద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ ఇస్తూ పని నేర్పుతారు. కంపెనీ వర్క్‌షాప్‌లో వైరింగ్ డయాగ్రం చదివే అలవాటు అక్కడే పడుతుంది. ఇంకా చదవాలనుంటే ఐటీఐ అయినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏట్లో చేరవచ్చు. ఇంగ్లిష్ రాదని భయపడే పిల్లలు చాలామంది కనిపిస్తారు. డయాగ్రంలో ఉండేవి వంద, నూట యాభై మాటలు. వాటిని నోట్‌బుక్‌లో రాసుకుని నెల రోజులు తిప్పితే వచ్చేస్తాయి.

సిరిసిల్ల పిల్లలకు ఒక మాట చెప్పాలి. సాంచెల (మరమగ్గాల) మధ్య పెరిగినవాళ్లకు చప్పుడు మారితే వెంటనే తెలుస్తుంది. ఎక్కడో పోగు తెగిందని చూడకముందే చెవి చెబుతుంది. ఆ చెవి ఇంజిన్ దగ్గర కూడా అక్కరకొస్తుంది. ఐడిల్‌లో ఆర్పీఎం ఊగుతుంటే సెన్సర్ అనే ముందు థ్రాటిల్ బాడీలో మసి పట్టిందేమో, ఎక్కడైనా పైపు పగిలి గాలి పీలుస్తోందేమో వినండి, చూడండి. పక్కనే మండేపల్లిలో అశోక్ లేలాండ్‌తో కలిసి నెలకొల్పిన డ్రైవింగ్ శిక్షణ సంస్థ కూడా ఉంది. బండి నడపడం బాగా వచ్చిన మెకానిక్ విలువ వేరు. చాలా తప్పులు రోడ్డు మీద నడిపితేనే బయటపడతాయి.

ఇక గల్ఫ్. మన ప్రాంతంలో కెరీర్ మాట ఎత్తి దుబాయి, మస్కట్ ఊసు ఎత్తకపోతే అది సగం మాటే. హెల్పర్‌గా పోయినవాడి జీతానికీ, డయాగ్నోసిస్ తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ జీతానికీ పోలికే లేదు. పది పాసైతే పాస్‌పోర్టు మీద వలస అనుమతి తప్పనిసరి అని చెప్పే ఈసీఆర్ ముద్ర ఉండదు. పది మధ్యలో ఆపేసినవాళ్లు ముందు ఓపెన్ స్కూల్లోనైనా అది పూర్తి చేయండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ దగ్గర పేరు నమోదు చేసుకోండి. ప్రైవేటు ఏజెంటయితే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉన్నాడో లేదో చూడండి. సర్వీస్ చార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ దాటి అడిగితే అది నిబంధనలకు విరుద్ధం. వీసా కోసం అప్పు తెచ్చి, అక్కడ హెల్పర్ పని చేస్తూ వడ్డీ కట్టిన ఇళ్లను నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: విద్య నేర్చుకున్నాకే విమానం ఎక్కండి.

మళ్లీ సెన్సర్ సంగతికొస్తే, కొత్త కార్లలో ఎక్సలేటర్ కేబులే ఉండదు. పెడల్ దగ్గరా, థ్రాటిల్ దగ్గరా రెండేసి సెన్సర్లుంటాయి. ఒకదాని లెక్కను రెండోదానితో కంప్యూటర్ సరిచూసుకుంటుంది. థ్రాటిల్ దగ్గర ఆ రెండూ పొసగకపోతే పీ2135 లాంటి కోడ్ ఇచ్చి బండిని నిదానంగానే పోనిస్తుంది. ఈ రకంలో తాళం ఆన్‌లో ఉండగా రేకు మధ్య వేలు పెట్టకండి, మోటారు ఒక్కసారిగా మూసేస్తుంది. ఎలక్ట్రిక్ బండ్లలో ఇంజిన్ పోయినా పెడల్ సెన్సర్ పోలేదు. స్కూటర్ పిడిలోనూ అదే 5 వోల్టుల లెక్క. అందుకే ఈవీలు వస్తే మెకానిక్ పని పోతుందేమోనని దిగులుపడే పిల్లలకు ఈ ఒక్క సెన్సర్‌నే చూపిస్తాను.

ఓ మోస్తరు మల్టీమీటర్ వెయ్యి రూపాయల్లో వస్తుంది. ఫోన్‌కు కలిసే బ్లూటూత్ స్కానర్ కూడా ఖరీదేమీ కాదు. ఐటీఐలో చేరిన మొదటి నెలలోనే మీటర్ కొనుక్కోండి. మంచి బండ్లనే ముందు కొలవండి. ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ అంకెలు తెలియకుండా జబ్బు అంకెలు పట్టుకోలేం.

ఆ షెడ్డులో గోడ మేకుకు ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడుతుంది. వచ్చిన ప్రతి బండి కొలతలూ కుర్రాడు అందులో రాస్తాడు. ఇంటర్వ్యూలకు దాన్నే పట్టుకుపోతానన్నాడు. డ్రైవర్ వెళ్లాక చెయ్యి తుడుచుకుని ఇలా రాశాడు: 'పీ0122. రిఫరెన్స్ 5.0. ఎర్త్ ఓకే. సిగ్నల్ 0.6 నుంచి 4.2, సాఫీ. వైరు ఊపితే 0.0. బ్యాటరీ క్లిప్పు దగ్గర రాపిడి. సెన్సర్ మార్చలేదు.'