చేర్యాల పటము

భూపాలపల్లి జిల్లాలో రేగొండకు చేరువను పాండవుల గుట్టలు కలవు. ఆ గుట్టల రాతిచరియల మీద ఆదిమానవులు అడవిదున్నలను, జింకలను, పులులను చిత్రించిరి. ఈ చిత్రములు 1990లో వెలుగులోనికి వచ్చినవి. ఇనుము కలిసిన మంటి నుండి, రాతి నుండి తీసిన ఎఱుపు సులభముగ వెలిసిపోదు. అందుచేతనే వేల ఏండ్ల నాటి బొమ్మలు నేటికిని కంటికి ఆనుచున్నవి.

బండ కదలదు, చిత్రము ఉన్నచోటనే ఉండును. గోడయంతటి చిత్రమును చుట్టగా చుట్టి, భుజమున వేసికొని, ఊరూర తిరుగవలసి వచ్చినచో ఎట్లు? ఆ చిక్కును విడదీసినవారు జనగామకు వాయవ్యమున నున్న చేర్యాల నకాషీలు. చేర్యాల చిరకాలము వరంగల్ జిల్లాలో నుండి, 2016లో సిద్దిపేట జిల్లాలో చేరినది.

పటము వ్రాయువారు నకాషీలు. దానిని చూపి కథ చెప్పువారు వేరు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, కాకిపడిగెలవారు ముదిరాజులకు పాండవుల కథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును వినిపింతురు. పటము వెడల్పు సుమారు 3 అడుగులు. నిడివి 40 అడుగులకు మించుటయు కలదు. కథ నడచుచుండగా పటము కొంచెము కొంచెముగ విప్పబడును. వెనుక వరుసలో కూర్చున్న ముదుసలికి సైతము దేవుడెవరో, దైత్యుడెవరో చూడగనే తెలియవలెను. తెలియనిచో కథకుని నోటికి పని పెరుగును.

రంగు చేతబట్టుటకు ముందే బట్టను సిద్ధపరుపవలెను. బియ్యపు గంజి, సుద్దమన్ను, చింతగింజలను ఉడికించి తీసిన జిగురు, తిరుమాను బంకనీరు కలిపి ఖద్దరు బట్టకు మూడు పూతలు పూయుదురు. ఒక పూత బాగుగ ఆరిన పిదపనే మరియొకటి. తొందరపడి తడిమీద తడి పూసినచో ఆ తప్పు చుట్ట విప్పినప్పుడు బయటపడును.

పిమ్మట కుంచెతోనే బొమ్మల రూపురేఖలు గీసి, వాని చుట్టునున్న తావునెల్ల ఎఱుపుతో నింపుదురు. ఆకసము ఎఱుపే, నేల ఎఱుపే. చెట్టు, ఇల్లు, ఏరు కథకు కావలసినచోట మాత్రమే వచ్చును. ప్రకృతిని ఉన్నదున్నట్లు వ్రాయుటకు అలవాటుపడినవారికి ఇది వింతగ తోచును. కాని ఆకసమునకు నీలమే వేసినచో నీలవర్ణుడైన కృష్ణుడు అందు కలిసిపోవును గదా! ఎఱ్ఱని నేపథ్యము మీద నీలము, పసుపు, తెలుపు మూడును ముందునకు దుమికి వచ్చును. ఒక రంగు ఒప్పినదా లేదా అనునది ఆ రంగును ఒంటిగ చూచి చెప్పదగినది కాదు. దాని ప్రక్కనున్న రంగును కూడ చూడవలెను. దేవతల మేనికి నీలము, పసుపు. మానవులకు లేత గులాబి ఛాయ. రాక్షసులకు ముదురు వన్నె. ఈ కట్టుబాటును ఊరిజనులును ఎరుగుదురు.

ఎఱుపు ఇంగిలీకము నుండి, తెలుపు గవ్వలను నూరిన పొడి నుండి, నలుపు దీపపు మసి నుండి, పసుపు పేవుడి నుండి, నీలము నీలిమందు నుండి లభించుచుండెను. వీనికి బంక కలుపుటయందే అసలు నేర్పు కలదు. బంక చాలనిచో రంగు పొడియై చేతికంటును. మించినచో ఆరిన పొర పెళుసెక్కి, పటము చుట్టినప్పుడు పగుళ్లు వారును. గోడ మీద చిత్రము వ్రాయువానికి ఈ బాధ లేదు. తడి మీద కనబడు ఛాయ ఆరిన పిదప మారును గనుక, ముందుగ ఒక గుడ్డపేలిక మీద పూసి, ఆరనిచ్చి చూచుట మేలు. నలుబది అడుగుల ఎఱుపునకు వలయు రంగును ఒక్కమారే కలిపి యుంచుకొనుట ఇంకను మేలు. రెండవమారు కలిపిన ఎఱుపు మొదటిదానితో సరిపోవుట అరుదు. కట్టకడపట సన్నని నల్లగీతలు దిద్దగనే కన్నులు, నగలు, చీరల అంచులు తేటపడును.

సినిమాలు, టెలివిజను వచ్చిన పిదప పటము కథలు విను జనులు తగ్గిరి. నిడుపాటి పటము వ్రాయింపగోరువారును తగ్గిరి. నేటి నకాషీలు గోడకు తగిలించు చిన్న చిత్రములను, రంపపుపొట్టు చింతగింజల జిగురుతో చేసిన ముఖాకృతులను విక్రయించి జీవించుచున్నారు. అంగటి రంగులును చేరినవి. ఎఱుపునకు మారుగ ఇతర నేపథ్యములును కనబడుచున్నవి. బ్రతుకుతెరువు కొరకు చేయు మార్పును తప్పుపట్టుట తగదు. అయితే అద్దము వెనుక నుండు చిత్రమును ఎవ్వరును చుట్టరు. కావున చుట్టినను పగులని రంగు కలుపు నేర్పుతో దానికి పనిలేదు.

జీర్ణించిన పటమును పూజించి నీట కలుపుట కథకుల ఆచారము. అందుచేత మిక్కిలి ప్రాతపటములు కానవచ్చుట అరుదు. బంక పాలును కొలతపాత్రతో గాక వ్రేళ్ల నడుమ జిగిని చూచి తెలిసికొనవలెను. అది పెద్దవారి చెంత కూర్చుండి నేర్చుకొనవలసినది.