పింగాణి ఫలకములపై ప్రకృతి చిత్రములు

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విద్యార్థులు విజ్ఞానయాత్రకై హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియములోని పింగాణి గదులను త్వరత్వరగా దాటిపోవుదురు. సంగీత గడియారము గంట కొట్టు వేళ మించిపోవునని వారి తొందర! నిలిచి చూడదగిన విద్య ఆ గదులలోనే గలదు.

పింగాణిని ఉర్దూలో చీనీ మిట్టి అందురు. పేరే పుట్టినిల్లు చెప్పుచున్నది. చైనా పాత్రలను అనుకరింపబోయి 17వ శతాబ్దిలో హాలెండులోని డెల్ఫ్ట్ నగరపు కుమ్మరులు మామూలు మట్టికే తెల్లని పూత పూసి, దానిపై నీలి చిత్రములు వ్రాసిరి. గోడకు తగిలించుటకై ఫలకములు చేసిరి. ఫ్రెడరిక్ వాన్ ఫ్రైటోమ్ (1632-1702) చిన్న చిన్న చుక్కలతో, గీతలతో చెట్లను, బాటలను, దూరపు ఆకాశమును వాటిపై చిత్రించెను. ఆయన ఫలకములు కొన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియములో ఉన్నవి.

ఇందలి కష్టమేమి? ఒకసారి కాల్చిన ఫలకమును తగరపు భస్మము కలిసిన పూతలో ముంచి ఆరబెట్టుదురు. అది సున్నపు గోడవలె పొడిగా నుండి కుంచెలోని తడిని వెంటనే పీల్చుకొనును. పడిన గీతను చెరిపి దిద్దుటకు వీలు లేదు. పైగా కోబాల్టు రంగు పూయునప్పుడు నల్లగా, మసకగా కనిపించును. రెండవసారి ఆవములో కాలిన పిమ్మటనే నీలమగును. చిత్రకారుడు నలుపును పూయుచు నీలమును ఊహింపవలెను.

పలుమార్లు వ్రాయవలసిన నమూనాకు కాగితముపై సూదితో రంధ్రములు పొడిచి బొగ్గుపొడి అద్దెడివారు. మన కార్చోబీ పనివారు గుడ్డపై నమూనా దింపు పద్ధతి ఇట్టిదే. ఆ బొగ్గు గుర్తులు ఆవములో కాలిపోవును.

ఈ డచ్చివారు మనకు పరాయివారు కారు. 1606లో గోల్కొండ అనుమతితో మచిలీపట్టణమున వర్తకము నెలకొల్పిరి. మన కోదాడకు ఎంతో దూరము లేని ఖమ్మము ప్రాంతపు నాగులవంచలోను ఆ శతాబ్దిలోనే వారి వర్తకశాల ఉండెను. ఈ తీరము నుండి వారు కొనిపోయిన అద్దకపు వస్త్రములలోను నీలమే గలదు. కాని నీలిమందు చెట్టునుండి వచ్చినది, నిప్పులో నిలువదు. కోబాల్టు ఖనిజము గనుక నిలిచినది.

నిప్పులో కాలిన రంగు బలమెంతో చూడగోరువారు, మ్యూజియమునకు దగ్గరలోనే, ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్షాహీ ఆషుర్‌ఖానాకు కూడ వెళ్ళవలెను. 1908 మూసీ వరదలో అచటి గోడల అడుగు భాగపు పింగాణి పలకలు చెడిపోగా, తరువాత ఆ చోట పలకలవలె తోచునట్లు రంగులు వేసిరి. పైభాగమున నిలిచిన పాత పలకలకును, క్రింది రంగుకును గల భేదమును దగ్గర నిలిచి చూడవచ్చును.