రెండవ అధ్యాయం ఎందుకు?

పై చదువులకు వెళ్ళిన మన హాస్టల్ మిత్రులు చాలామంది ప్రాజెక్టు రిపోర్టులో 'పూర్వ పరిశోధనల సమీక్ష' అనే రెండవ అధ్యాయాన్ని సీనియర్ల రిపోర్టు చూసి దించేస్తుంటారు. దాని విలువ తెలియాలంటే ఈ సంగతి వినండి.

నెలలు నిండకుండా పుట్టే బిడ్డకు ఊపిరితిత్తులు సరిగా ఎదగవు. కాన్పుకు ముందే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందని 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు తెలిపారు. తర్వాత మరికొందరు అదే పరీక్ష చేశారు. కొన్నింటిలో తల్లుల సంఖ్య తక్కువ కాబట్టి ఫలితం స్పష్టంగా తేలలేదు. చాలామంది డాక్టర్లు ఆ మందు వాడనేలేదు. అన్నింటినీ ఒకచోట చేర్చి లెక్కకట్టిన సమీక్ష 1989లో గానీ అచ్చు కాలేదు. ఈలోగా ఎందరు తల్లులకు కడుపుకోత మిగిలిందో! 1993లో ఏర్పడిన కోక్రేన్ సంస్థ ఆ పరీక్షల ఫలితాల పటాన్నే తన చిహ్నంలో పెట్టుకుంది.

కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చదివిన ప్రతి పరిశోధనకూ నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించండి. ఎవరు, ఏ సంవత్సరంలో, ఎంతమందిపై చేశారు, ఏం తేలింది, ఏం తేలలేదు అన్నవి రాయండి. తేలని చోటే మీకు అంశం దొరుకుతుంది. చరిత్ర, తెలుగు వంటి శాఖల్లోనైతే లెక్కలు కలపడం కుదరదు. ఎవరి వాదన ఎవరితో ఎక్కడ విభేదించిందో చూడాలి. మన దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవవచ్చు. ముందు చివరి అధ్యాయం చూడండి, పనికొస్తుందనిపిస్తేనే మిగతాది.