మామిడి మానును తొలుచు పొడవు మీసాల పురుగు

మన విద్యార్థులలో పలువురు కొల్లాపూర్, వనపర్తి ప్రాంతాల మామిడి తోటలను ఎరిగినవారే. బెనిషాన్ పండు రుచిని వారికి మేము చెప్పనక్కరలేదు. ఆ చెట్టును లోలోపల తినివేయు శత్రువును గురించి మాత్రము కొంత తెలుపదలచినాము.

పొడవు మీసాల పెంకు పురుగుల కుటుంబములో 30,000కు పైగా జాతులు గుర్తింపబడినవి. వీనిలో కొన్ని పైన్, ఫర్ వంటి శృంగాకార వృక్షాలనే ఆశ్రయిస్తాయి. జపానులో పైన్ అడవులు ఎండిపోవుటకు కంటికి ఆనని ఒక నులిపురుగు కారణమని 1971లో వెల్లడైనది. ఆ నులిపురుగును చెట్టు నుండి చెట్టుకు మోసేది ఈ కుటుంబపు పెంకు పురుగే. మన నల్లమలలో పైన్ సహజముగా పెరగదు. కాని ఆ పురుగుకు దాయాది మన తోటలలోనే ఉన్నది. శాస్త్రజ్ఞులు దానిని బాటోసెరా రూఫోమాక్యులేటా అంటారు. రైతులకు అది కాండము తొలుచు పురుగు.

పెద్ద పురుగు బూడిద వన్నెతో, రమారమి 5 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మెడపై రెండు ఎర్రని మచ్చలు దీని ఆనవాలు. ఆడ పురుగు బెరడును కొరికి, ఆ గాటులో గుడ్డు పెడుతుంది. వారము పది దినాలకు పిల్లపురుగు వెలువడి బెరడు క్రింద తినుచు, క్రమముగా మానులోనికి దిగుతుంది. కాళ్లు లేని ఆ తెల్లని పురుగు చూపుడు వ్రేలంత పెరిగి, నెలల తరబడి లోపలనే సొరంగాలు త్రవ్వుతుంది. ఆకులు పండుబారి కొమ్మ ఎండిన పిదప గాని రైతు గమనింపడు. అప్పటికి ముప్పది ఏండ్ల చెట్టైనా చేజారిపోవచ్చును. ఉర్దూలో ‘ఘున్ లగ్నా’ అను పలుకుబడి కలదు. లోలోపల కృశించే మనిషికి కూడ దానిని వాడుతారు. ఈ చెట్టు స్థితికి అంతకంటె తగిన మాట మాకు తోచలేదు.

అందుచేత ఆకులను గాక మొదలును చూడవలెను. మాను మొదట రంపపు పొట్టు రాలినదా, బెరడు నుండి జిగురు కారుచున్నదా అని పరీక్షింపవలెను. ఆకులపై మందు చల్లినంత మాత్రాన లోపలి పురుగుకు తగలదు. అది వృథా ఖర్చు. రంధ్రములో ఇనుప తీగ కొక్కెమును పోనిచ్చి పురుగును లాగివేసి, కిరోసిన్ గాని పెట్రోలు గాని తడిపిన దూదిని కూర్చి, పైన బంకమట్టితో మూయవలెను. పురుగు పట్టి ఎండిన కొమ్మలను, దుంగలను తోటలో పడవేయక, వానలకు ముందే కాల్చివేయుట మేలు. దొడ్డిలోని మునగ, పనస, అత్తి చెట్లనూ ఇది వదలదు. మామిడిని చూచినపుడు వానినీ చూడవలెను.