నూజివీడు మామిడి తోటల దారుల్లో గైడ్‌తో పరుగు: చేయవలసినవి - చేయకూడనివి

గైడ్ డాగ్‌ల శిక్షణకు నిధులు కూడబెట్టడానికి చూపు లేని రన్నర్, చూపున్న గైడ్ ఒకే తాడు పట్టుకొని పరుగెత్తడం మంచి పని. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో సిమ్రన్ శర్మ, గైడ్ అభయ్ సింగ్‌తో కలిసి పరుగెత్తి చూపు లోపం ఉన్నవారి 200 మీటర్ల టి12 విభాగంలో కాంస్యం గెలిచారు. అయితే అది చదునైన ట్రాక్. నూజివీడు రోడ్ల మీద తలకు తగిలే మామిడి కొమ్మలుంటాయి, కాయ లోడు లారీలుంటాయి, వీధి కుక్కలుంటాయి, వేసవిలో నిప్పులు చెరిగే ఎండ ఉంటుంది. కింది సూచనలు రన్నర్లకు, గైడ్‌లకు, నిర్వాహకులకు. సాధన మొదలుపెట్టే ముందు ఒకరు పైకి చదవండి, మిగతావారు వినండి.

చేయవలసినవి

*పరుగుకు ముందు*

- పరుగును డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకోండి. కింద చెప్పిన ఎండ, కాయ కోత జాగ్రత్తలు సాధన వేసవిలోకి సాగేవారికి.
- ఇటీవల కంటి ఆపరేషన్ జరిగినా, గ్లకోమా ఉన్నా, రెటీనా బలహీనంగా ఉన్నా కంటి డాక్టరు అనుమతి తీసుకోండి.
- బీపీ, షుగరు, గుండె పరీక్షలు చేయించుకోండి.
- రన్నర్ కన్నా వేగంగా పరుగెత్తగల గైడ్‌నే ఎంచుకోండి. పరుగెత్తుతూ ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి.
- ఎక్కువ దూరాలకు రెండో గైడ్‌ను సిద్ధంగా ఉంచండి. పారా అథ్లెటిక్స్‌లో 5,000 మీటర్లు, ఆపై పరుగులకు ఇద్దరు గైడ్‌లను అనుమతిస్తారు.
- గైడ్‌లు ముందురోజు దారంతా నడిచి గుంటలు, స్పీడ్ బ్రేకర్లు, వంగిన కొమ్మలు, ముళ్లకంచెలు రాసుకోండి.
- దారి పక్క తోటల రైతులను కలిసి మందు కొట్టే రోజు, వేళ తెలుసుకోండి.
- పోలీసులకు, దగ్గరి ప్రభుత్వాసుపత్రికి ముందే తెలియజేయండి.

*తాడు, మాట*

- సాగని నూలు తాడు వాడండి. సాగే తాడు గైడ్ చేతి కదలికను ఆలస్యంగా అందిస్తుంది.
- ఇద్దరి చేతుల మధ్య తాడు జానెడుకు కాస్త అటూ ఇటూ ఉండేలా చూడండి.
- "ఎడమ", "కుడి", "ఎత్తు", "దిగుడు", "వంగు", "ఆగు" అన్న మాటలు ముందే ఖాయం చేసుకోండి.
- అడ్డంకి దగ్గరపడుతుంటే "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టండి.
- తారు రోడ్డు నుంచి మట్టిలోకి దిగే ముందే చెప్పండి.
- "ఆగు" వినగానే ఆగండి. కారణం తర్వాత అడగండి.

*దారిలో*

- ఎదురొచ్చే వాహనాలు కనబడేలా రోడ్డుకు కుడి అంచున పరుగెత్తండి. గైడ్ వాహనాల వైపు ఉండాలి.
- మెరిసే జాకెట్లు వేసుకోండి. వీపు మీద "గైడ్", "చూపు లేని రన్నర్" అని పెద్ద అక్షరాలతో రాయించండి.
- రన్నర్లు అంచున్న టోపీ, తేలికైన ప్లాస్టిక్ కళ్లజోడు పెట్టుకోండి. కొమ్మ కంటికి తగలవచ్చు.
- లోడు లారీ, ట్రాక్టరు వస్తే మట్టి అంచుకు దిగి నిలబడండి. అది దాటాకే కదలండి.
- కాయ ఎగుమతి జరిగే చోట గైడ్ మోచేయి పట్టుకొని నడిచి దాటండి. ట్రేలు, గడ్డి రోడ్డు మీదే ఉంటాయి.

*ఎండ, నీళ్లు*

- వెలుగు వచ్చాక మొదలుపెట్టి ఉదయం 9 గంటల లోపు ముగించండి.
- రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాలుల హెచ్చరికలు చూడండి.
- ప్రతి రెండు కిలోమీటర్లకు నీళ్లు ఏర్పాటు చేయండి. గ్లాసును రన్నర్ చేతికి తాకించి ఇవ్వండి.
- ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద చెప్పినంత నీటిలోనే కలపండి.
- రన్నర్ తూలినా, మాట తడబడినా, సంబంధం లేకుండా మాట్లాడినా వడదెబ్బ అని అనుమానించండి. అడుగు తప్పిందని సరిపెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.
- వెంటనే నీడకు చేర్చి మెడ, చంకలు, గజ్జలు తడిబట్టతో చల్లబరచండి. 108కి ఫోన్ చేయండి.

*కుక్కలు*

- గైడ్ డాగ్‌తో అతిథులు వస్తే నీడ, నీళ్లు, పచ్చిక ఉన్న చోటు కేటాయించండి.
- గైడ్ డాగ్ నడిచే తారు రోడ్డుకు మీ చేతి వెనుక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలూ కాలతాయి.
- వీధి కుక్కలు మీదికొస్తే ఆగిపోండి. వాటికీ రన్నర్‌కూ మధ్య గైడ్ నిలబడాలి.
- కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. అదే రోజు రేబిస్ టీకా వేయించుకోండి.

*చందాలు*

- నిధులు ఏ సంస్థకు చేరతాయో, దేనికి ఖర్చవుతాయో కరపత్రంలో రాయండి.
- ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వండి.
- విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధుమిత్రుల చందాలను విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదైన సంస్థకే పంపించండి.
- ఆన్‌లైన్ మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి.
- రన్నర్ మధ్యలో ఆగినా చందా చెల్లుతుందని ముందే ప్రకటించండి.

చేయకూడనివి

*పరుగుకు ముందు*

- ఏప్రిల్ చివరి బుధవారం అంతర్జాతీయ గైడ్ డాగ్ దినోత్సవం అని ఆ రోజే పరుగు పెట్టకండి. ఇక్కడ ఎండా, కాయ కోతా, లారీల రద్దీ ఒకేసారి వచ్చే రోజులవి. ఆ రోజు సభ జరుపుకోండి.
- రోహిణి కార్తెలో సాధన కూడా చేయకండి.
- పరుగు రోజు ఉదయం కొత్త గైడ్‌ను జత చేయకండి.
- పరుగు రోజున కొత్త బూట్లు వేసుకోకండి.
- పరుగుకు ముందు నొప్పి మాత్రలు మింగకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీయవచ్చు.
- పూత మీద మందు కొడుతున్న తోటల పక్కగా దారి పెట్టకండి.

*తాడు, మాట*

- తాడును మణికట్టుకు ముడివేయకండి. ఒకరు పడితే రెండోవారూ పడతారు.
- రన్నర్‌ను లాగకండి, నెట్టకండి.
- "జాగ్రత్త", "అటు", "అక్కడ" అని ఊరుకోకండి. ఏ వైపో, ఎన్ని అడుగులో చెప్పండి.
- గైడ్‌లు ఫోన్ చూడకండి, సెల్ఫీలు దిగకండి.
- రసం పండు తింటూ తాడు పట్టుకోకండి. చేతికి కారిన రసంతో తాడు జారుతుంది.
- మామిడి సొన అంటిన చేతితో కళ్లు తుడుచుకోకండి, తుడవకండి. సొన కంటిని మండిస్తుంది.
- గైడ్‌కు కాలు పట్టేస్తే పరుగు కొనసాగించకండి. 2024 పారిస్ పారాలింపిక్స్ మారథాన్‌లో రన్నర్ ఎలెనా కాంగోస్ట్ ముగింపు గీత ముందు తాడు వదిలి, పడబోతున్న గైడ్‌ను పట్టుకున్నారు. నిబంధన ప్రకారం అనర్హురాలయ్యారు. మన పరుగులో పతకం లేదు, ఆగడానికి వెనుకాడకండి.

*దారిలో*

- ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. చూపు లేనివారికి దారిలో ఆధారం వినికిడే.
- తోటల్లోంచి అడ్డదారి పట్టకండి. డ్రిప్ పైపులు కాళ్లకు తగులుతాయి.
- కంచె తీగలను తాకకండి. కరెంటు పెట్టి ఉండవచ్చు.
- చీకట్లో మట్టిదారి పట్టకండి, పాములు తిరుగుతాయి.
- తేనెపట్టు ఉన్న చెట్టు కింద గుంపుగా నిలబడకండి.
- మలుపుల దగ్గర డప్పులు, మైకులు పెట్టకండి. గైడ్ మాట వినబడదు.
- చూడవచ్చినవారు రన్నర్ చేయి పట్టుకోకండి, దారి చెప్పకండి. రెండు గొంతులు వినబడితే అడుగు తప్పుతుంది.
- వీడియో కోసం మోటారు సైకిల్‌పై పక్కనే వెళ్లకండి.

*ఎండ, నీళ్లు*

- దాహం లేకున్నా ఉత్త నీళ్లు అదేపనిగా తాగకండి. ఒంట్లో ఉప్పు పడిపోతుంది.
- స్పృహ తప్పినవారి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
- కార్బైడ్‌తో మగ్గబెట్టిన పండ్లు పంచకండి.
- రన్నర్ "బాగానే ఉన్నాను" అన్నాడని లక్షణాలను పక్కన పెట్టకండి; వడదెబ్బ ముందు తెలివిని దెబ్బతీస్తుంది.

*కుక్కలు*

- గైడ్ డాగ్‌ను పరుగులో దించకండి. దాని శిక్షణ సాధారణంగా నడకలో దారి చూపడానికే.
- హార్నెస్ (పని పట్టీ) వేసి ఉన్నప్పుడు గైడ్ డాగ్‌ను తాకకండి, పిలవకండి, తిండి పెట్టకండి.
- మామిడి టెంకలు కుక్కలకు అందేలా పారేయకండి. మింగితే పేగుల్లో అడ్డుపడతాయి.
- వీధి కుక్కలను చూసి పరుగు పెంచకండి, రాళ్లు విసరకండి.
- కుక్క కాటుకు కారం, సున్నం, పసరు పూయకండి.

*చందాలు*

- చందాలను సొంత ఖాతాలో వేయించుకోకండి.
- రూ.2,000 మించి నగదు ఇస్తే పన్ను మినహాయింపు వస్తుందని దాతలకు చెప్పకండి, రాదు.
- డబ్బు జమ కావడానికి యూపీఐ పిన్ కొట్టమంటే కొట్టకండి; పిన్ కొడితే డబ్బు పోతుంది.
- చూపు లేనివారిని దీనంగా చూపే ఫొటోలు వేయకండి; వాళ్లు క్రీడాకారులు.
- "కిలోమీటరుకు ఇంత" అని చందా కట్టించుకోకండి. అలసిన రన్నర్‌ను ఆ లెక్కే ముందుకు తోస్తుంది.
- దాతలు ఎదురుచూస్తున్నారని ఒక్క అడుగు కూడా వేయకండి. రన్నర్ గానీ గైడ్ గానీ "ఇక చాలు" అంటే పరుగు అక్కడితో ముగిసినట్టే.