సంతకం వచ్చు, చదవడం రాదు

ప్రశ్న: మా అమ్మకు 46 ఏళ్లు. కొబ్బరికాయల కూలికి వెళ్తుంది. వేల కాయల లెక్క నోటితోనే కట్టేస్తుంది. డ్వాక్రా పుస్తకంలో సంతకం పెడుతుంది గానీ, అందులో ఏముందో చదవలేదు. "నాది మొద్దుబుర్ర, ఇప్పుడేం వస్తుందే" అంటుంది. ఈ వయసులో నేర్చుకోగలదా?
– ఒక కూతురు, రాజోలు

జవాబు: తప్పకుండా నేర్చుకోగలరమ్మా. ముందు ఆ మొద్దుబుర్ర అన్న మాట మాన్పించండి. ఆవిడకు తెలివి ఉంది, అందనిది బడి. 2011 జనగణన నాటికి దేశంలో మగవాళ్లలో 81 శాతం, ఆడవాళ్లలో 65 శాతం అక్షరాస్యులు. మొత్తం మీద 73 శాతమైతే ఎస్సీల్లో 66, ఎస్టీల్లో 59. ఈ తేడా బుర్రల్లోది కాదు. ఎవరి పిల్లలు బడికెళ్లారు, ఎవరి పిల్లలు పనికెళ్లారు అన్నదాంట్లోది.

వయసంటారా, నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో కూలి ఆడవాళ్లు రాత్రి బడిలో సారా మీద పాఠం చదివి, అది తమ ఇళ్ల కథేనని గుర్తుపట్టారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లూ పెద్దయ్యాకే అక్షరాలు దిద్దారు.

అమ్మకు రోజూ చూసే బస్సు బోర్డులతో మొదలుపెట్టండి. రాజోలు, అమలాపురం: ఈ రెండు పేర్లలోనే ర, జ, ల, మ, ప ఉన్నాయి. గుణింతం మారిస్తే జామ, పాలు, మామ, రాజు వస్తాయి. డ్వాక్రా పుస్తకంలోని 'జమ' వస్తుంది. ప వత్తు ఒక్కటి చూపిస్తే 'అప్పు' కూడా వస్తుంది.

ప్రశ్న: మా వాడు, పక్కింటి మాస్టారి అబ్బాయి ఒకే బళ్లో పదో తరగతి చదివారు. ఆ అబ్బాయి ఏ ఫారమైనా ఇట్టే నింపుతాడు. మా వాడు తడబడతాడు. లోపం ఎక్కడ?
– ఒక తండ్రి, మలికిపురం

జవాబు: మీ అబ్బాయిలో కాదండీ. మాస్టారి ఇంట్లో పేపరు, పుస్తకాలు, చదివి చెప్పే మనిషి ఉన్నారు. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ 2022-23లో 31 దేశాల్లో పెద్దల చదివే సామర్థ్యాన్ని పరీక్షించినప్పుడు, సంపన్న దేశాల్లోనూ బాగా చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలే ముందున్నారు. అలాగని అది తలరాత కాదు. చదవడం వాడకం మీద నిలిచే విద్య. రోజూ పావుగంట పేపరు పైకి చదివించండి. ఇంటి కాగితాలన్నీ అతనిచేతే నింపించండి.

ప్రశ్న: మా అక్క కువైట్‌కు ఇంటిపనికి వెళ్తోంది. చదవడం రాదు. ఏజెంటు కాగితం మీద వేలిముద్ర వేయమంటున్నాడు. వేయొచ్చా?
– ఒక చెల్లెలు, సఖినేటిపల్లి

జవాబు: ఎవరైనా నమ్మకస్తులు చదివి వినిపించేదాకా వేయనివ్వకండి. జీతం, పని, గడువు, యజమాని పేరు, చిరునామా ఉన్నాయో లేదో చూడండి. ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూడండి. పది పాసవని వాళ్లు గల్ఫ్ పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఆ అనుమతి ఇవ్వరు. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే ఒప్పుకోవద్దు.

చదవడం వచ్చిన పాఠకులకు ఒక మనవి. 15 ఏళ్లు దాటినవారికి చదువు చెప్పే కేంద్ర పథకం 'ఉల్లాస్' నడిచేది స్వచ్ఛందంగా పాఠం చెప్పేవారితోనే. మీ వీధిలో వేలిముద్ర వేసే ఒక్కరికి సాయంత్రం ఒక గంట ఇవ్వండి.