డిగ్రీ లేని యజమాని పాఠం చెప్పొచ్చా?

ప్రశ్న: బేతంచెర్లలో పదహారేళ్లుగా నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాను. చదువు ఇంటర్. కాలేజీలో వారానికి రెండు గంటలు వ్యాపార పాఠాలు చెప్పే వీలుందా? – ఒక పాఠకుడు

జవాబు: వీలుంది. యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాలు తెచ్చింది. తమ రంగంలో పేరున్నవారికి కనీసం 15 ఏళ్ల అనుభవం ఉంటే చాలు, డిగ్రీలు తప్పనిసరి కాదు. గౌరవ ప్రాతిపదికన కూడా తీసుకోవచ్చు. కానీ మొత్తం పోస్టుల్లో ఇవి పది శాతం దాటకూడదు. అందుకే ముందు అతిథి ఉపన్యాసానికి ప్రిన్సిపాల్‌ను కలవడం మేలు. కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీ దగ్గరలోనిదే.

ఇక ఏం చెప్పాలి?

పుస్తకంలోని నిర్వచనాలతో మొదలుపెడితే పిల్లలు ఆవులిస్తారు. ఒక నాపరాయిని క్లాసుకు తీసుకెళ్లి బోర్డు మీద లెక్క వేయించాలి: గనిలో ధర, లారీ కిరాయి, కోత బ్లేడు అరుగుదల, కరెంటు బిల్లు, దారిలో పగిలినవి, అరువు పోయి మూడు నెలలకు వచ్చే డబ్బు. చివరికి మిగిలేదెంతో చూసి వాళ్లే నోరెళ్లబెడతారు. తర్వాతి వారం పత్తికొండ టమాటా. ధర పడిపోయినప్పుడు రైతు పంటను ఎందుకు పారబోస్తాడో వాళ్లలో చాలామందికి ఇంట్లోనే తెలుసు.

ఓర్వకల్లుకు ఒకసారి తీసుకెళ్లాలి. అక్కడి పొదుపు సంఘాల మహిళలు చిన్న మొత్తాలతో మొదలై బాలభారతి బడి నడిపే స్థాయికి చేరారు. ఏ సిలబస్‌లోనూ దొరకని పాఠమది.

పారితోషికం మీద ఆశ పెట్టుకోవద్దు. అనుభవ పత్రాలు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఒక పేజీ పాఠ ప్రణాళిక పట్టుకుని సెమిస్టర్ మొదలయ్యే ముందే వెళ్లండి.